అటక మీది వాల్వు యాంప్లిఫైయర్‌కి తిన్నగా ప్లగ్గు పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మా గోదావరి జిల్లాల కుర్రాళ్ళకి ఒక కొత్త సరదా పట్టుకుంది. తాతల నాటి మైకుసెట్టు యాంప్లిఫైయర్నో, చర్చిలో మూలపడి ఉన్న పాత గిటార్ యాంప్లిఫైయర్నో అటక మీంచి దించడం, తడిగుడ్డతో తుడవడం, ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యడం, జరిగేదంతా ఫోన్‌లో వీడియో తియ్యడం. "ఇన్నేళ్ళ తర్వాత మోగింది చూడండి" అంటూ పెట్టే వీడియోలు మీరూ చూసే ఉంటారు. మోగనివి ఎవరూ పెట్టరు కదా, అవి గోనెసంచిలో మా షాపుకి వస్తాయి. మొన్న ఒకబ్బాయి తెచ్చిన సెట్టయితే మూత తియ్యకముందే వాసనతో చెప్పేసింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని. చూపించకుండా కరెంటు ఎందుకిచ్చావయ్యా అంటే "ఆయ్, రీలు కోసమండి" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

అందుకే ఈ ఉత్తరం. నేను పాలకొల్లులో రేడియో, టీవీ మెకానిక్‌ని, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న పని ఇది. టీవీలు ఇప్పుడు బాగుచేయించేవాళ్ళు తగ్గిపోయారు, ప్యానెల్ పోతే కొత్తది కొనేసుకుంటున్నారు, అందుకని ఇన్వర్టర్లు, చెరువుల మీద ఏరేటర్లకి పెట్టే స్టార్టర్ బోర్డులు చేసుకుంటూ బండి లాగుతున్నాను. కానీ వాల్వు సెట్టు, అంటే ట్రాన్సిస్టర్ల బదులు లోపల వెలిగే గాజు గొట్టాలతో పనిచేసే పాత సెట్టు, ఒకటి వచ్చిందంటే మిగతావి పక్కన పెట్టేస్తాను, అది నా బలహీనత అని మా ఇంట్లోవాళ్ళు అంటారు. అవి వస్తున్న తీరు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతోంది. సగం రాగి కోసం పాత సామాన్ల కొట్టుకి పోతున్నాయి, మిగిలిన సగంలో చాలావరకు ఇలా స్విచ్చి వేసి కాల్చేసినవే.

ముందు ఇవి ఎందుకు దాచుకోవాలో చెబుతాను. ట్రాన్సిస్టర్ 1947లో పుట్టింది, మెల్లిగా రేడియోల్లోంచి, మైకుసెట్లలోంచి వాల్వుల్ని వెళ్ళగొట్టింది. గిటార్ వాయించేవాళ్ళు మాత్రం వాల్వుని వదల్లేదు, ఇవాళ్టికీ వదల్లేదు. వాల్వు మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ ఇస్తే శబ్దం ఒక్కసారిగా విరిగిపోదు, అంచులు మెత్తబడుతూ, బరువెక్కుతూ చిక్కగా అవుతుంది, ఆ చిక్కదనమే వాళ్ళకి కావాలి. అమెరికాలో లియో ఫెండర్ చేసిన బాస్‌మాన్ యాంప్లిఫైయర్ సర్క్యూట్‌నే దగ్గర పెట్టుకుని లండన్‌లో డ్రమ్ముల షాపు నడిపే జిమ్ మార్షల్ 1960ల మొదట్లో తన మొదటి గిటార్ యాంప్లిఫైయర్ చేయించాడు. తర్వాత వచ్చిన మార్షల్ సెట్లలో పెద్ద పేరు తెచ్చుకున్న వాల్వు ఇఎల్ 34. మన మైకుసెట్ల వాళ్ళ దగ్గర దుమ్ము కొట్టుకుపోయిన పాత యాంప్లిఫైయర్ల మూత తీస్తే నాకు చాలాసార్లు కనిపించేది ఆ ఇఎల్ 34 జంటే, లేకపోతే 6ఎల్6 జంట. వాక్స్ ఎసి 30 అనే ఇంగ్లండ్ యాంప్లిఫైయర్‌లో నాలుగు ఇఎల్ 84లు ఉంటాయి. ఆ ఇఎల్ 84 మన ఇళ్ళలో పెద్ద రేడియోల్లో ఉన్న వాల్వే. వీటిని బెంగళూరులో మన భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కూడా ఒకప్పుడు తయారుచేశారు. ఇప్పుడు కొత్త వాల్వులు కావాలంటే రష్యా, స్లొవేకియా, చైనా నుంచి రావాలి. అంటే లక్షలు పోసి బయటనుంచి తెప్పించుకునే సరుకుకి అన్నదమ్ముల్లాంటివి మన అటకల మీద పడి ఉన్నాయి, మనం కేజీల్లెక్కన అమ్ముకుంటున్నాం.

సరే, స్విచ్చి వేస్తే ఏమవుతుంది? వాల్వు సెట్టులో ముందు పోయేది వాల్వు కాదు, కరెంటుని తనలో నిలవ ఉంచుకునే కండెన్సర్. కరెంటుని శుభ్రం చేసే పెద్ద ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఉంటాయి, వాటి మీద 300 నుంచి 450 ఓల్టుల దాకా నిలబడుతుంది. లోపల అల్యూమినియం రేకు మీద సన్నటి పొర ఒకటి ఆ ఓల్టేజీని ఆపుతుంది. ఏళ్ళ తరబడి కరెంటు లేకుండా పడుంటే ఆ పొర బలహీనపడిపోతుంది, లోపలి తడి ఆరిపోతుంది. ఎండి బీటలు తీసిన పంటకాలవకి ఒక్కసారిగా లాకు తలుపులన్నీ ఎత్తేసి నీళ్ళు వదిలితే గట్టు నిలుస్తుందా? ఇదీ అంతే. కండెన్సర్ వేడెక్కి ఉబ్బుతుంది, షార్టవుతుంది, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ పోతుంది, ఆ వెనకే పవర్ ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యూజు ఉంటుంది కదా అంటారేమో, మన దగ్గరికి వచ్చే సెట్లలో ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో మహానుభావుడు చుట్టిన రాగి తీగ ఉంటుంది. నాలుగు కండెన్సర్లతో వందల్లో పోయేది వేలల్లోకి వెళ్ళేది అక్కడే.

మేము చేసేది చాలా సింపుల్. సీరీస్ బోర్డు అని ఒకటి ఉంటుంది, పాత మెకానిక్‌లు అందరి దగ్గరా చూసే ఉంటారు. కరెంటుకీ సెట్టుకీ మధ్యలో ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బు. ముందు వాల్వులన్నీ పీకేసి ఒక్క పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని పెడతాం, బల్బు దాదాపు ఆరిపోయినట్టు ఉండాలి. నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్‌లోనే షార్టు ఉందన్నమాట, అయినా ఏమీ కాలదు, భారమంతా బల్బు తీసుకుంటుంది. ఆ తర్వాతే కొత్త కండెన్సర్లు, వాల్వులు, అన్నీ అయ్యాక బల్బు ఒకసారి మెరిసి తగ్గితే అప్పుడు తిన్నగా కరెంటు. ఎల్ఈడీ బల్బుతో ఈ పని అవ్వదు, ఫిలమెంటు బల్బే కావాలి, అవి దొరకడమే ఇప్పుడు గగనమైపోయింది గాని అది వేరే గోడు.

ఇది చదివి ఇంట్లో ఎవరూ మూత విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కండెన్సర్లలో వందల ఓల్టులు ఉండిపోవచ్చు. తెలిసినవాళ్ళు రెసిస్టర్ పెట్టి దాన్ని నిదానంగా దించేసి, మీటరుతో చూసుకుని, అప్పుడు చెయ్యి పెడతారు. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్‌మనిపించడం మగతనం కాదు.

కిందటి ఏడాది రాజోలు అవతల, ఉప్పుగాలి తగిలే ఊళ్ళోని ఒక చర్చి నుంచి చిన్న గిటార్ యాంప్లిఫైయర్ ఒకటి వచ్చింది. అమెరికాది, ఎప్పుడో అక్కడికి వచ్చి వెళ్ళిన దొరలు వదిలేసిందట. స్పీకరూ యాంప్లిఫైయరూ ఒకే పెట్టెలో ఉండే రకం. మూడే వాల్వులు: ముందు ఒక 12ఎఎక్స్7, అంటే మన ఇసిసి 83, అవుట్‌పుట్‌కి ఒక 6వి6, రెక్టిఫైయర్‌కి ఒక 5వై3. పెట్టె లోపలి గోడకి ఏ వాల్వు ఎక్కడో చూపించే కంపెనీ కాగితం ఇంకా అతికే ఉంది, ఒక మూల చెదలు తినేసింది గాని నంబర్లు కనిపిస్తున్నాయి. చాసిస్, అంటే పార్టులన్నీ బిగించే రేకు చట్రం, బయటికి లాగితే 6వి6 బేస్ చుట్టూ కందిరీగలు కట్టుకున్న మట్టిగూళ్ళు, ఒకదాని మీద ఒకటి, గట్టిగా. బేస్ పిన్నులకి పచ్చగా చిలుము. వాల్యూమ్ కంట్రోల్ తిప్పితే తిరగట్లేదు. అసలు సమస్య ఇవేవీ కాదు, అది 120 ఓల్టుల సెట్టు. దాంతోపాటు ఉండాల్సిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఎప్పుడో ఎటో పోయింది, అది తెలియక ఎవరో తిన్నగా మన 230లో పెట్టేశారు. ఫ్యూజు చోట ఏముందో మళ్ళీ చెప్పక్కర్లేదు.

కాలిపోయిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని భీమవరంలో మోటార్లు వైండింగ్ చేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. రోజంతా ఏరేటర్ మోటార్లు చుట్టే మనిషి, వాల్వు సెట్టు ట్రాన్స్‌ఫార్మర్ చూసి చాలా కాలమైందన్నాడు, కానీ చెయ్యి మర్చిపోలేదు. పాత తీగ విప్పుతూ ఏ వైండింగ్‌కి ఎన్ని చుట్లో కాగితం మీద రాసుకుంటూ పోయాడు, అక్కడే తెలుస్తుంది పనివాడెవరో. అమెరికా కరెంటు 60 సైకిళ్ళు, మనది 50. అదే ఇనుప కోరు మీద మన కరెంటుకి చుట్టాలంటే ఓల్టుకి వేసే చుట్లు ఐదో వంతు పెరగాలి, లేకపోతే కోరు వేడెక్కుతుంది. అన్ని చుట్లు ఆ కోరులో పట్టవు, అందుకని ఒక సైజు పెద్ద కోరు తీసుకుని, లెక్క మళ్ళీ కట్టుకుని, ప్రైమరీ, అంటే కరెంటు వచ్చే వైపు వైండింగ్, 230కి చుట్టాం. ఇక స్టెప్‌డౌన్ పెట్టె గొడవే లేదు. వాల్వు నుంచి స్పీకర్‌కి పాటని అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదృష్టంకొద్దీ బాగుంది. దాన్ని చుట్టడం వేరే విద్య, ప్రైమరీని, సెకండరీని పొరలు పొరలుగా ఒకదాని మధ్యలో ఒకటి పోనివ్వాలి, మోటార్ల వైండింగ్ తెలిసినంత మాత్రాన రాదు. అందుకే స్పీకర్ తీసేసి వాల్వు సెట్టు మోగించొద్దని పదేపదే చెప్పేది. స్పీకర్ లేకపోతే ఆ ఓల్టేజీ ఎటూ పోలేక లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుంటుంది.

మిగతాదంతా ఓపిక పని. గోధుమ, నలుపు, పసుపు గీతలున్న రెసిస్టర్, అంటే 100 కె ఉండాలి, ఒక కాలు విప్పి కొలిస్తే 150 దాటి చూపించింది. పాత కార్బన్ రెసిస్టర్ల జబ్బే అది, కాలం గడిచేకొద్దీ పైకి పోతాయి, మన తేమకి ఇంకా తొందరగా. ముందు వాల్వు నుంచి 6వి6కి పాటని పంపే కండెన్సర్ లీకవుతోంది. 6వి6 గ్రిడ్ మీద, అంటే పాట వాల్వులోకి వెళ్ళే కాలు మీద, సున్నా ఉండాల్సిన చోట ప్లస్ ఓల్టులు కనిపించాయి. అలా వదిలేస్తే వాల్వు అవసరానికి మించి కరెంటు లాగి, లైటు తీసి చూస్తే లోపలి ప్లేటు నిప్పుముక్కలా ఎర్రబడి కనిపిస్తుంది. చర్చివాళ్ళు వాల్వులన్నీ కొత్తవి వేసేయండి, ఖర్చు చూసుకోవద్దు అన్నారు. అక్కర్లేదన్నాను. మూడూ బాగున్నాయి. వాల్వు అంత తేలిగ్గా పోదు, చాలాచోట్ల దాని చుట్టూ ఉన్న రెండు రూపాయల సరుకు పోతే నింద దాని మీద పడుతుంది.

అంతా అయ్యాక చర్చిలో గిటార్ వాయించే అమ్మాయి వచ్చి చూసుకుంది. వేళ్ళతో మెల్లిగా మీటితే శుభ్రంగా గంటలా ఉంది, గట్టిగా కొడితే గరుకుగా గొంతు మారుతోంది. "ఏంటంకుల్, ఇంకా ఏదో పోయినట్టుందే" అంది. పోలేదమ్మా, అదే దీని పని, దీనికోసమే ఊళ్ళవాళ్ళు వెతుక్కుంటారు అని చెప్పాను. ఆదివారం ఆరాధనలో మెల్లిగానే వాయిస్తానంది. ఆవిడ ఇష్టం.

ఇంత చెప్పాను గాని అన్నిటికంటే ముఖ్యమైంది ఎర్తింగ్. పాత సెట్లలో చాలావాటికి రెండు పిన్నుల వైరే ఉంటుంది. మూడు పిన్నులున్నా మనవాళ్ళు పెద్ద పిన్ను విరగ్గొట్టి పెడతారు. గిటార్ తీగలు లోపలినుంచి యాంప్లిఫైయర్ చాసిస్‌కి కలిసే ఉంటాయి, అది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వినాయకచవితి పందిరి ఊహించుకోండి. రాత్రి వాన పడింది, కింద బురద మీద పరదా, వాయించేవాడు దేవుడి ఎదుట కాబట్టి చెప్పులు విప్పి నిలబడ్డాడు, గిటార్ ఒక యాంప్లిఫైయర్‌కి, పాడే మైకు ఇంకో యాంప్లిఫైయర్‌కి, రెండిటికీ కరెంటు రెండు వేరు వేరు బోర్డుల నుంచి. చెయ్యి తీగల మీద ఉండగా పెదవి మైకుకి తగిలితే ఎలా ఉంటుందో మా ప్రాంతంలో ఆర్కెస్ట్రాలో పాడినవాళ్ళని ఎవరినైనా అడగండి. నవ్వుతూ చెబుతారు, "జివ్వుమందండీ" అని. అది నవ్వే విషయం కాదు, వాళ్ళు బతికి ఉన్నారు కాబట్టి నవ్వుతున్నారు.

మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు గొయ్యి తియ్యడం ఇంత తేలికైన నేల ఇంకెక్కడుంది? అయినా పందిళ్ళకి ఎర్తు ఉండదు. పాత యాంప్లిఫైయర్‌కి మూడు పిన్నుల వైరు వేసి, చాసిస్‌కి ఎర్తు గట్టిగా బిగించి, పందిట్లో గిటారుకీ మైకుకీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇచ్చి, ఆ బోర్డుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి స్విచ్చి పెట్టించాలి. అమెరికా సెట్లలో కరెంటు వైరు నుంచి చాసిస్‌కి చిన్న కండెన్సర్ ఒకటి ఉంటుంది, అది షార్టయితే తీగల మీదికే కరెంటు వస్తుంది, మూడు పిన్నుల వైరు వేశాక దాని అవసరం లేదు, కత్తిరించి పారేయించండి.

ఇక్కడ కొందరు అడ్డుపడతారు. హైదరాబాదు నుంచి పాత సెట్లు కొనడానికి వచ్చేవాళ్ళలో ఒక రకం ఉన్నారు, ఒక్క పార్టు మార్చినా విలువ పోయిందంటారు, రెండు పిన్నుల వైరు కూడా అలాగే ఉండాలంటారు. వాళ్ళతో నేను ఏకీభవించను. ఎండిపోయిన కండెన్సర్‌ని చూసి మురిసిపోడానికి అది తాళపత్రం కాదు, మోగాల్సిన సెట్టు. అలాగని రెండో రకం ఇంకా ప్రమాదం. మా దగ్గరికి వచ్చిన ఒక సెట్టుని అంతకుముందు ఒక పెద్ద ఊళ్ళో షాపువాళ్ళు "బాగుచేసి" ఇచ్చారు. మూత తీసి చూస్తే లోపల చవకబారు ట్రాన్సిస్టర్ బోర్డు, పాత ట్రాన్స్‌ఫార్మర్లు మాయం, వాల్వులకి మాత్రం వెలుగు కోసం ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6 ఓల్టులు ఇచ్చారు. ముందునుంచి చూస్తే వాల్వులు ముచ్చటగా వెలుగుతున్నాయి, పాట మాత్రం వాటిలోంచి పోవట్లేదు. ఓనర్‌కి చెప్పడానికి నాకే నోరు రాలేదు.

మైకుసెట్టు యాంప్లిఫైయర్‌ని గిటార్‌కి వాడుకోవాలనుకునే కుర్రాళ్ళకి రెండు ముక్కలు. వెనక స్పీకర్ కనెక్షన్ల దగ్గర 4, 8, 16 ఓమ్‌లతోపాటు 100 ఓల్టుల లైన్ అని ఒకటి ఉండొచ్చు, అది తీర్థాల్లో దూరదూరంగా చెట్లకి కట్టే హారన్‌ల కోసం. మీ 8 ఓమ్‌ల బాక్సుని 8 ఓమ్‌లకే కలపండి, దానికి కాదు. అలాగే మైకు ఇన్‌పుట్‌లో తిన్నగా గిటార్ పెడితే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తే సెట్టు పాడైందని తిట్టకండి. గిటార్ తీగల కింద ఉండే పికప్‌కి ఒక మెగోమ్ దాకా నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, మైకు ఇన్‌పుట్‌కి అంత ఉండకపోవచ్చు, తెలిసినవాడికి అది చిన్న మార్పు. ఇంకొకటి, ఈ పాత సెట్లకి వెనక 200, 220, 240 అని ఓల్టేజీ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. లోఓల్టేజీ రోజుల్లో అందరూ దాన్ని తక్కువలో పెట్టేసుకున్నారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో కరెంటు 240 దాకా వస్తోంది, అది అలాగే ఉంటే వాల్వుల ఆయుష్షు తగ్గిపోతుంది.

ఇవన్నీ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాజమండ్రి, అమలాపురం, తణుకు, నరసాపురం, ఎక్కడైనా పాత బస్టాండు వెనక సందుల్లో అడిగితే ఒక పెద్దాయన ఉంటాడు, కళ్ళజోడు తాడుతో కట్టుకుని, ఇప్పుడు మిక్సీలు చేస్తూ. వాళ్ళ తర్వాత ఎవరికీ రాదు, ఎందుకంటే ఎవరూ నేర్పించుకోలేదు. మా జిల్లాల ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌ల్లో ఎలక్ట్రానిక్స్ చెప్పే మాస్టార్లకి మీ పేపరు ద్వారా నా మనవి: నెలకో శనివారం ఆ పెద్దాయన్ని పిలిచి ఒక వాల్వు సెట్టు బల్ల మీద పెట్టించండి, టీ ఖర్చు తప్ప ఆయన ఏమీ అడగడు. 400 ఓల్టుల దగ్గర ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తో కొలవడం ఎందుకో ఆ పూట కళ్ళారా చూసినవాడు ఇక మర్చిపోడు. కుర్రాళ్ళు కూడా వస్తారు, గిటార్ అంటే వస్తారు. వీడియో తీసుకోనివ్వండి, అభ్యంతరం ఏముంది.

మైకుసెట్ల ఓనర్లు, చర్చి పెద్దలు, నాటక సమాజాలవాళ్ళు గొడౌన్ సర్దేటప్పుడు వాల్వుల డబ్బాలు, బరువున్న ట్రాన్స్‌ఫార్మర్లు పాత సామాన్లవాడికి వెయ్యకుండా ఎవరైనా మెకానిక్‌కి ఒక మాట చెప్పండి. 1986 వరదల్లో మునిగిన సెట్టు కూడా, లోపల ఒండ్రు కడిగి, ట్రాన్స్‌ఫార్మర్‌ని రోజుల తరబడి ఆరబెట్టి, మళ్ళీ మోగించిన పని మా నాన్నగారి చేతుల మీదుగా చూశాను. రిపేరుకి ఇచ్చేటప్పుడు సీరీస్ బోర్డు మీద పెట్టి చూస్తారా అని అడగండి, తీసేసిన పాత పార్టులు కవర్లో వేసి ఇమ్మనండి. ఈ రెండిటికీ చిరాకు పడే షాపు దగ్గర సెట్టు వదలకుండా వెనక్కి తెచ్చేసుకోండి.

ఇట్లు,
పాలకొల్లు నుంచి ఒక రేడియో మెకానిక్